పళ్లెంలో బియ్యం, రెండు పేర్లు

ఆడపిల్లకు ఏ పేరు పెట్టాలన్న సంగతి ఇరవయ్యో శతాబ్దం నడిమి వరకూ చాలా తెలుగు ఇళ్లలో తల్లిదండ్రుల ఇష్టానికి విడిచిన విషయం కాదు. బిడ్డ భూమ్మీద పడేనాటికే ఆ పేరు మీద హక్కున్నవాళ్లు ముగ్గురు కాచుకుని ఉండేవారు: ఇంటిల్లిపాదీ మొక్కుకున్న దేవుడు, తండ్రిని కన్న నాయనమ్మ, పుట్టిన ఘడియకు చెందిన నక్షత్రం. వీరి వాటాలు తీరాక ఇంకా చోటు మిగిలితే, అందులో తల్లి ముచ్చటపడిన పేరు ఇమిడేది. పాత శుభలేఖల్లోనూ దస్తావేజుల్లోనూ కనిపించే వెంకట సుబ్బలక్ష్మి, వీర వెంకట సత్యవతి, నాగ శేషారత్నం, సీతా మహాలక్ష్మి వంటి పేర్లు రెండు మూడు ముక్కలుగా ఉండటానికి కారణం ఇదే. ఇంటిపేరు ముందు నడిచి, పిలిచే పేరు చివరన నిలిస్తే, ఆ రెంటికీ నడుమ ఉన్న ముక్కను ఇప్పటి దరఖాస్తులు మిడిల్ నేమ్ అంటున్నాయి. పాతకాలంలో దానికంటూ ప్రత్యేకమైన పేరు లేకపోయినా, ఇంట్లో దాని బరువు పిలుపు పేరు కన్నా ఎక్కువ. ఎందుకంటే దేవుడికి ఇచ్చిన మాటా, పోయిన పెద్దావిడ జ్ఞాపకమూ ఉండేది ఆ నడిమి ముక్కలోనే.

పేరు పెట్టే వేడుకను బారసాల అంటారు. బాలసారె అన్న మాట నోళ్లలో నలిగి ఇలా మారిందని చెబుతారు. పురుడు, అంటే కాన్పు వల్ల ఇంటికి వచ్చే మైల, పది రోజులు ఉంటుంది గనుక పదకొండో నాడు ఇల్లు శుద్ధి చేసుకుని పేరు పెట్టే కుటుంబాలు కొన్ని ఉండగా, ఇరవై ఒకటో నాడు ఉయ్యాల వేడుకతో కలిపి పేరు పెట్టేవి మరికొన్ని. తెలంగాణలో ఉయ్యాలను తొట్టెల అంటారు కాబట్టి అక్కడ వేడుక అంతా తొట్టెల చుట్టూ జరిగేది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ కనుక ఖర్చూ చాకిరీ అమ్మమ్మ వైపువి కాగా, పేరు నిర్ణయించే పెద్దరికం తండ్రి వైపుది. అనేక ఇళ్లలో మేనత్త, అంటే తండ్రి తోబుట్టువు, బిడ్డను ఉయ్యాలలో వేసి ఆడపడుచు లాంఛనం అందుకునేది. బిడ్డను చుట్టే పొత్తిగుడ్డలు కొత్తవి కావు. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడిన నాయనమ్మ, అమ్మమ్మల నూలు చీరలను చించి సిద్ధం చేసినవి. కొత్త బట్టలోని గంజి పసికందు ఒంటికి గుచ్చుకుంటుందన్నది పైకి చెప్పే కారణం. కానీ పెద్దావిడ చీరా, పెద్దావిడ పేరూ ఒకే నెలలో ఆ బిడ్డ మీదికి వచ్చేవి.

వేడుకలో అందరూ మెడ చాచి చూసే ఘట్టం బియ్యం మీద పేరు రాయడం. ఇత్తడి పళ్లెంలో కొత్త బియ్యం పోసి, అరచేత్తో చదును చేసి, పీటల మీద కూర్చున్న తండ్రి చేత బంగారు ఉంగరంతో గానీ పసుపు కొమ్ముతో గానీ అక్షరాలు రాయించేవారు. బియ్యం మీద రాత పలక మీద రాతలా సాగదు. గింజలు జారి గీత పూడిపోతుంది; సున్నాకు చోటు చాలదు; లక్ష్మి అని రాయాలంటే క్షకారమూ దాని కింది మకారమూ ఒకదాని మీద ఒకటి పడి, ఉంగరం రెండు మూడు సార్లు వెనక్కి రావలసి వచ్చేది. పెద్ద పేరైతే పళ్లెం అంచుకు వచ్చేసరికి అక్షరాలు ఒదిగి ఒదిగి చివరి ‘మ్మ’ మూలకు చేరేది. పై వరుసలో ఇష్టదైవం పేరు, దాని కింద నక్షత్రాన్ని బట్టి వచ్చిన పేరు, అన్నిటికన్నా కింద వ్యావహారిక నామం, అంటే లోకంలో చెలామణి కావలసిన పేరు రాసేవారు. రాత పూర్తయ్యాక ఆ పేరును బిడ్డ కుడి చెవిలో మూడు సార్లు చెప్పి, ఆ బియ్యాన్ని తాంబూలంతో పాటు పురోహితుడికి ఇచ్చేవారు.

నక్షత్రం లెక్క పురోహితుడిది. ఇరవై ఏడు నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున 108 పాదాలు. ప్రతి పాదానికీ ఒక అక్షరం చొప్పున 108 అక్షరాలు. బిడ్డ ఏ పాదంలో పుడితే ఆ అక్షరంతో పేరు మొదలు కావాలి. ఈ పట్టికలో తెలుగు నాలుకకు లొంగని అక్షరాలు కొన్ని ఉన్నాయి. ఆరుద్ర మూడో పాదానికి ఙకారమూ, హస్త మూడో పాదానికి ణకారమూ వస్తాయి, ఆ రెంటితో మొదలయ్యే తెలుగు పేరు లేదు. అలాంటప్పుడు పక్క పాదం అక్షరంతో సర్దుకోవడమో, నక్షత్ర నామాన్ని జాతకం కాగితానికే పరిమితం చేసి పిలుపు పేరును వేరుగా పెట్టుకోవడమో జరిగేది. ఒక మనిషికి రెండు పేర్లుండటం ఎవరికీ వింతగా తోచని రోజులవి.

శాస్త్రం చెప్పినదానికీ తెలుగు ఇళ్లు ఆచరించినదానికీ మధ్య ఉన్న ఎడం గమనించదగినది. ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసి సంఖ్యలో ఉండాలని గృహ్యసూత్రాలు, అంటే ఇంటి కర్మలను వివరించే ప్రాచీన గ్రంథాలు, చెబుతున్నాయి. వాటి ఊసైనా ఎరగని పల్లెల్లో సీతమ్మ, గంగమ్మ, రాజమ్మ, నాగమ్మ, సుబ్బమ్మ అన్న పేర్లన్నీ మూడక్షరాలే కావడం, రెండక్షరాల మాట చివర అమ్మ చేరడం వల్ల దానంతట అదే కుదిరిన పొందిక. మరోవైపు మనుస్మృతి మూడో అధ్యాయం నక్షత్రం, చెట్టు, నది, కొండ, పక్షి, పాము, సేవకురాలు అన్న అర్థాలు వచ్చే పేర్లున్న పిల్లను పెళ్లాడరాదని నిషేధించింది. తెలుగువారు రోహిణి, రేవతి అని నక్షత్రాల పేర్లు పెట్టారు, తులసమ్మ అన్నారు, గోదావరి, కృష్ణవేణి, తుంగమ్మ అన్నారు, కొండమ్మ, చిలకమ్మ, నాగమ్మ, దాసమ్మ అన్నారు. ఆ నిషేధపు పట్టికలోని ప్రతి గడికీ తెలుగు ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంది, ఆ పిల్లలందరికీ పెళ్లిళ్లూ అయ్యాయి. చుట్టూ ఉన్న నేలనూ నీళ్లనూ పుట్టనూ ప్రేమించిన జాతి తన పిల్లలకు వాటి పేర్లే పెట్టుకుంది, పుస్తకం కాదన్నా వినలేదు.

ముగ్గురు హక్కుదారుల్లో అందరికన్నా గట్టిది నాయనమ్మ హక్కు. తొలి ఆడపిల్లకు తండ్రి తల్లి పేరు, మలి ఆడపిల్లకు తల్లి తల్లి పేరు పెట్టడం చాలా కుటుంబాల్లో కట్టుబాటు. పోయినవారి పేరే పెట్టాలని కొన్ని ఇళ్లు పట్టుబడితే, బతికున్న ముసలావిడ తన పేరు మోసే మనవరాలిని చూసుకోవాలని మరికొన్ని ఇళ్లు తొందరపడేవి. దీనివల్ల ఒక పేరు తరం విడిచి తరం తిరిగి వచ్చేది: సుబ్బమ్మ కొడుక్కి కూతురు సుబ్బలక్ష్మి, ఆ సుబ్బలక్ష్మి కొడుక్కి కూతురు వెంకట సుబ్బమ్మ. పుస్తకాల్లో గీసిన వంశవృక్షాల్లో కొడుకుల పేర్లే కొమ్మలుగా ఉంటాయి. పెళ్లిలో చదివే ప్రవర, అంటే వధూవరుల వంశాన్ని మూడు తరాల వరకూ చెప్పే పాఠం, వధువును ఫలానావారి మునిమనవరాలు, మనవరాలు, కూతురు అంటుంది, కానీ ఆ ముగ్గురూ మగవారే. శ్రాద్ధ తర్పణంలో తల్లినీ నాయనమ్మనూ ఆమె అత్తగారినీ పేరుపేరునా తలుచుకుంటారు గానీ మూడో తరంతో ఆ వరుస ఆగిపోతుంది. ఆ పైని ఆడవాళ్ల పేర్లు నిలవడానికి ఒకే ఒక్క చోటు ఉండేది, అది పుట్టిన ఆడపిల్ల పేరు. ఏ కాగితం మీదా లేని ఒక ముసలమ్మ నూరేళ్ల తర్వాత కూడా ఏదో వాకిట్లో ఆడుకుంటున్న పిల్లను పిలిచే పిలుపులో ఉండేది.

ఆ పిలుపు దగ్గర ఒక చిక్కు ఉంది, పిలుపు పేరు పుట్టిందీ అక్కడే. కోడలు అత్తగారి పేరును నోటితో అనకూడదు. భర్త పేరు అననట్టే అత్తమామల పేర్లూ అనకూడదన్న నియమం ఎంత గట్టిదంటే, మామగారి పేరు పప్పు పేరును పోలి ఉంటే ఆ పప్పుకు ఇంట్లో మరో మాట వాడుకునేంత. అలాంటిది కన్న బిడ్డకే అత్తగారి పేరు పెడితే తల్లి ఆ బిడ్డను ఏమని పిలవాలి? ముద్దు చేయడం సరే, మొండికేసిన పిల్లను కేకలేయవలసి వచ్చినప్పుడు, వీధి అరుగు మీద ఆ పేరు గలావిడే కూర్చుని ఉంటే, సుబ్బమ్మా అని గద్దించడం ఎలా సాధ్యం? అందువల్లే అమ్మాయి, అమ్మడు, పాప, చిట్టి, బుజ్జి, బుల్లెమ్మ, చిన్నారి అన్న పిలుపులు ఇంటింటా వెలిశాయి. వాటిలో కొన్ని పిల్లతో పాటు పెరిగి, పెళ్లయి మనవలు పుట్టాక కూడా ఆమెను అంటిపెట్టుకుని ఉండేవి. తండ్రికి మాత్రం ఈ చిక్కు లేదు. తన తల్లి పేరు పెట్టుకున్న కూతురిని అతను అమ్మా అని పిలిచేవాడు. ఈనాటికీ తెలుగు తండ్రులు కూతుళ్లను అమ్మా అనడంలో ఈ పాత బంధం జాడ ఉందనిపిస్తుంది.

అత్తగారి పేరూ కొత్త కోడలి పేరూ ఒకటే అయితే కోడలి పేరే మార్చేవారు. పుట్టింటి పేరు పుట్టింటికే ఉండిపోయి, మెట్టినింట్లో ఆమె మరో మనిషిగా మొదలయ్యేది. గృహప్రవేశం వేళ గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి కొత్త దంపతుల చేత ఒకరి పేరు ఒకరికి చెప్పించడం వేడుకే అయినా, చాలామంది ఆడవాళ్ల పేరు నలుగురి ముందు పూర్తిగా వినపడటం అదే చివరిసారి. శుభలేఖ మీద చి.ల.సౌ., అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, అన్న అక్షరాల పక్కన మూడు ముక్కల పేరు అచ్చయ్యేది. ఆ తర్వాత ఆమె ఫలానావారి కోడలు, ఫలానావాడి తల్లి, లేదా పుట్టిన ఊరిని బట్టి గుడివాడమ్మ, రాజమండ్రి పిన్ని, బెజవాడ అత్తయ్య.

దేవుడి వాటా సంగతికి వస్తే, ఒకప్పుడు ఆడవాళ్ల పేర్లు వింటూ తెలుగు దేశమంతా తిరిగితే దారి తప్పే అవకాశం ఉండేది కాదు. మొక్కు, అంటే కోరిక తీరితే ఫలానాది చేస్తానని దేవుడికి ఇచ్చే మాట, బిడ్డ కోసమైనప్పుడు దాన్ని తీర్చే మొదటి విధానం ఆ దేవుడి పేరు పెట్టడమే. సింహాచలం అప్పన్నకు మొక్కుకున్న ఇళ్లలో అప్పలనరసమ్మ, అప్పలకొండ, సింహాచలం. సింహాచలం అన్నది కొండ పేరైనా ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఉమ్మడి పేరైంది. విజయనగరం ప్రాంతంలో పైడితల్లి, అనకాపల్లి వైపు నూకాలమ్మ, నూకరత్నం, తుని దగ్గరి లోవ ప్రాంతంలో తలుపులమ్మ. అన్నవరం కొండ మీద 1891లో వీర వెంకట సత్యనారాయణ స్వామి ఆలయం ఏర్పడ్డాక గోదావరి జిల్లాల పిల్లల పేర్ల ముందు వీర వెంకట సత్య అన్న మూడు మాటలూ బారులు తీరాయి, ఆ తర్వాతి తరాలకు అవే వి.వి.ఎస్. అన్న పొడి అక్షరాలయ్యాయి. పెనుగంచిప్రోలు చుట్టుపక్కల తిరుపతమ్మ, కోటప్పకొండ కింద కోటేశ్వరమ్మ, నెల్లూరు సీమలో పెంచలకోన నరసింహుడి వల్ల పెంచలమ్మ, సూళ్లూరుపేట చెంగాళమ్మ వల్ల చెంగమ్మ, కడప, కర్నూలు సీమల్లో అహోబిలం వల్ల ఓబులమ్మ, కదిరి వల్ల కదిరమ్మ. యాదగిరిగుట్ట నీడలో యాదమ్మ, కొమురవెల్లి మల్లన్న పేర కొమురవ్వ, మల్లవ్వ, రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే గడ్డ మీద సమ్మక్క, సారక్క. పిల్లలు లేని దంపతులు పుట్టకు పాలు పోసి, మోపిదేవి వంటి సుబ్రహ్మణ్య క్షేత్రాలకు వెళ్లి కన్న బిడ్డలే నాగ, శేష, ఫణి, సుబ్బ అన్న మాటలు మోసినవారు.

పేరు చివరి మాట కూడా సీమను చెప్పేది. కోస్తాలో అమ్మ, రాయలసీమలో అక్క, ఉత్తర తెలంగాణలో అవ్వ. అక్కడ అవ్వ అంటే కన్నతల్లి, సీమలో అవ్వ అంటే ముసలావిడ. తాళ్లపాక అన్నమాచార్యుల భార్య తిరుమలమ్మను లోకం తిమ్మక్క అన్నది. తిరుమలమ్మ పెట్టిన పేరు, తిమ్మక్క పిలిచే పేరు, ‘సుభద్రా కల్యాణం’ రాసిన కవయిత్రిగా నిలిచింది పిలిచే పేరే. వైష్ణవ సంప్రదాయం తమిళం నుంచి తెచ్చిన మాటలను తెలుగు నోళ్లు తమకు అనువుగా మలుచుకున్నాయి. దేవేరి అన్న అర్థం గల నాచ్చియార్ నాంచారు అయి నాంచారమ్మగా స్థిరపడింది, తల్లి అన్న తాయార్ మంగతాయారులో చేరింది, పువ్వు మీద కొలువైన మంగ అన్న అర్థం గల అలర్‌మేల్ మంగై అలమేలు మంగ అయి, పల్లెల్లో అలివేలమ్మ అయింది. ఆ పేర్లు పెట్టుకున్నవారిలో వాటి తమిళ మూలం ఎరిగినవారు అరుదు. పిలిస్తే పలికే పేరుకు అర్థం అక్కర్లేదు, అమ్మవారి పేరు అని తెలిస్తే చాలు.

పేర్లలో కెల్లా గుండె తరుక్కుపోయేవి బిడ్డను బతికించుకోవడం కోసం పెట్టినవి. మశూచీ, కలరా, పురిటిలోనే సోకే జబ్బులు పసివాళ్లను వరసగా ఎత్తుకుపోయే కాలంలో, ముద్దైన పేరు పెడితే మృత్యువు కన్ను పడుతుందన్న భయంతో, పనికిమాలినదన్న అర్థం వచ్చే పేరు పెట్టి దాని చూపు తప్పించాలనుకునేవారు. పుట్టిన బిడ్డను భోజనాలైన ఎంగిలి విస్తళ్ల మీద పొర్లించి పుల్లమ్మ అన్నారు, పుల్లాకు అంటే తిని పారేసిన ఆకు గనుక. పెంటకుప్ప మీద ఓ క్షణం పడుకోబెట్టి తిరిగి తీసుకుని పెంటమ్మ అన్నారు. బిచ్చమెత్తిన బియ్యంతో అన్నప్రాశన చేసి బిచ్చమ్మ, బిక్షమమ్మ అన్నారు. ఉత్తరాంధ్రలో తవిటమ్మ అన్న పేరు వెనక ఉన్న తతంగం మరీ హృదయవిదారకమైనది. తల్లి తన బిడ్డను చేటలో పెట్టి ఇరుగింటావిడకు ఇచ్చేస్తుంది, ఆవిడ బదులుగా దోసెడు తవుడు ఇస్తుంది, కాసేపటికి అదే తవుడు ఆవిడకు తిరిగి ఇచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. ఇప్పుడీ బిడ్డ పోయినవాళ్ల వరుసలోది కాదు, కొన్న బిడ్డ, దోసెడు తవుడు వెల. అంత తక్కువ వెల గలదానిని ఎవరు మాత్రం ఎత్తుకుపోతారన్నది ఆ తల్లి ఆశ. ఈ పేర్లను మోటు పేర్లని తర్వాతి తరాలు చిన్నచూపు చూశాయి. ఆ చిన్నచూపు తగదు. ఒక ఇంట్లో పెంటమ్మ ఉన్నదంటే ఆమెకు ముందు పుట్టి దక్కనివాళ్లు ఉన్నారని అర్థం, ఆ పేరు వాళ్లందరికీ కట్టిన చిన్న గోరీ.

అందరి పేర్లకూ ఒకే మన్నన దక్కలేదన్నదీ నిజం. ఎల్లమ్మ, మల్లమ్మ అని తల్లులు పెట్టిన పేర్లను భూస్వాముల గడీల్లోనూ పొలాల్లోనూ ఎల్లి, మల్లి అని తుంచి పిలిచారు. చివరి అమ్మను తీసేయడంతో మర్యాదా తీసేసినట్టే. దళితవాడల్లోకి క్రైస్తవం వచ్చినప్పుడు బాప్తిస్మంతో పాటు వచ్చిన కరుణమ్మ, సువార్తమ్మ, శాంతమ్మ, మరియమ్మ, రూతమ్మ అన్న పేర్లను ఆ తల్లులు ఎందుకంత ఇష్టంగా అందుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది, తుంచడానికి వీల్లేని అర్థం వాటిలో ఉంది. వేళాంగణి ఆరోగ్యమాత పేర ఆరోగ్యమ్మలు పుట్టారు. మతం గీతలు కూడా మొక్కు ముందు చెరిగిపోయేవి; దర్గాల దగ్గర బిడ్డల కోసం వేడుకున్న హిందూ కుటుంబాల్లో మస్తానమ్మ, సైదమ్మ, హుస్సేనమ్మ, నాగూరమ్మ అన్న పేర్లు ఏ సంకోచమూ లేకుండా నిలిచాయి, ఆ మస్తానమ్మ సంక్రాంతికి ముగ్గులూ వేసింది, దర్గాకు వెళ్లి చక్కెర చదివింపులూ చేయించింది.

ఈ వ్యవస్థ ఒక్కసారిగా కూలలేదు, పేరు తోక దగ్గర మొదలై పైకి అరుగుతూ వచ్చింది. చదువుకున్న కుటుంబాలు ముందుగా అమ్మ స్థానంలో సంస్కృత వాసన గల అంబను చేర్చాయి; తరిగొండ వెంగమాంబ (1730–1817) నుంచి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన భండారు అచ్చమాంబ (1874–1905) వరకూ ఆ గౌరవవాచకం కనిపిస్తుంది. తర్వాత దేవి వచ్చింది, కుమారి వచ్చింది, రాణి వచ్చింది. జాతీయోద్యమం స్వరాజ్యలక్ష్మి, భారతి, సరోజిని, కస్తూరి అన్న పేర్లను ఊళ్లలోకి తెచ్చింది. 1931లో నల్లగొండ ప్రాంతంలో పుట్టి సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం పేరు ఆ గాలి తెచ్చినదే. సినిమా వచ్చాక పెద్దాపురంలో పుట్టిన అంజమ్మ తెర మీద అంజలీదేవి అయింది, తెర మీది పేర్లను చూసి తల్లులు ఇంట్లోని అంజమ్మలకు అంజలి అని మార్చారు. వారపత్రికల సీరియళ్లు ఇంటింటికీ చేరిన 1960ల తర్వాత, పగటి పూట పడుకుని కథ చదువుకున్న గర్భిణి తొలిసారిగా ఒక పేరును తానుగా ఎంచుకుంది. నాయిక పేరు నచ్చింది, కూతురికి అదే పెట్టింది. శతాబ్దాలుగా పేరు విషయంలో నోరు మెదపని తల్లికి ఆ మాత్రం దక్కడం చిన్న సంగతేమీ కాదు, దానికి సంతోషించక తప్పదు.

అయినా నాయనమ్మను కాదనలేని కాలం అది, కాబట్టి రాజీ కుదిరింది. పెద్దావిడ పేరు ముందూ తల్లి ఎంచిన పేరు వెనకా పెట్టి వెంకట సుబ్బమ్మ సుజాత, నాగ రత్నమ్మ పద్మజ అన్న జంట పేర్లు రాశారు. బడిలో చేర్చేటప్పుడు రిజిస్టరు గడిలో అంత పేరు పట్టక వెంకట సుబ్బమ్మ కాస్తా వి.ఎస్. అయింది, పదో తరగతి ధ్రువపత్రం మీద అదే స్థిరపడింది. నాయనమ్మ రెండు పొడి అక్షరాల్లోకి ముడుచుకుపోయింది. ఆ అక్షరాలకు అర్థం అడిగితే కొంతకాలం పిల్లలు చెప్పగలిగారు, ఆ తర్వాత ఇంట్లో ఎవరినైనా అడిగి చెప్పారు.

జనన మరణాల నమోదుకు 1969లో వచ్చిన చట్టం కింద పుట్టుకను ఇరవై ఒక్క రోజుల్లో తెలియజేయాలి. పేరు అప్పటికి నిశ్చయం కాకపోతే గడి ఖాళీగా వదిలి తర్వాత చేర్చుకునే వీలుంది. బారసాల గడువూ సర్కారు గడువూ ఇరవై ఒకటి దగ్గర కలవడం యాదృచ్ఛికమే. అయితే ఇప్పుడు చాలా జంటలు బిడ్డ పుట్టకముందే రెండక్షరాల పేరు తేల్చుకుంటున్నాయి: పలకడానికి తేలికగా, ఏ ఊరినీ ఏ దేవుడినీ ఏ ముసలమ్మనూ గుర్తు చేయనిదిగా, విదేశంలో నోరు తిరిగేదిగా. నక్షత్రం వాటా మాత్రం ఎలాగో నిలిచింది. మొదటి అక్షరం ఏదో అడిగి తెలుసుకున్న తర్వాతే వెతుకులాట మొదలవుతుంది. మిగిలిన ఇద్దరు హక్కుదారుల్లో నాయనమ్మ తనంతట తానే తప్పుకోవడం చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. ఇప్పటి ముసలావిడలు చాలామంది, మనవరాలికి మీ పేరు పెట్టమంటారా అని అడిగితే, నా పేరెందుకురా, పాత పేరు, బళ్లో పిల్లలు నవ్వుతారు అంటున్నారు. జీవితమంతా నలుగురి నోళ్లలో తుంచబడి, చుట్టరికాల వెనక దాగి, పొడి అక్షరాలుగా అరిగిపోయిన తమ పేరు మీద వారికే మమకారం తగ్గింది.

అమెరికాలో కాపురాలున్న తెలుగు కుటుంబాలు మరో రకమైన గడితో తలపడ్డాయి. ఇంటిపేరు ముందు ఉండే తెలుగు పేరు అక్కడి దరఖాస్తుల్లోకి ఎక్కేసరికి తలకిందులై, మొదటి తరం వాళ్లు చాలామంది మొదటి గడిలో పడ్డ మొక్కు ముక్కతోనే పిలవబడ్డారు. ఆఫీసు నిండా వెంకటలూ, నాగలూ, సత్యలూ, ఆ పేరుతో ఇంట్లో ఎవరూ ఏనాడూ పిలవనివారు. తమ పేర్లు పడ్డ అవస్థ చూసినవాళ్లు పిల్లల పేర్లు కుదించారు గానీ, ఆస్పత్రిలో జనన పత్రం పూరించే వేళ మిడిల్ నేమ్ అన్న గడి ఖాళీగా ఎదురైంది. ఆ దేశంలో అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు ఆ గడిలో పెట్టుకోవడం మామూలు సంగతి. రెండక్షరాల మొదటి పేరు పక్కన ఆ నడిమి గడిలో కొందరు తెలుగువారు సుబ్బలక్ష్మి అని రాశారు, కొందరు మహాలక్ష్మి అని, ఒకరిద్దరు రాజ్యలక్ష్మమ్మ అని పూర్తిగా రాశారు. ఆ ఇళ్లలో బారసాల నాడు స్టీలు పళ్లెంలో బాస్మతి బియ్యం పోస్తారు. సన్నగా పొడవుగా ఉండే ఆ గింజ పాత బియ్యం కన్నా ఎక్కువ జారుతుంది. తండ్రి పై వరుసలో చిన్న పేరు రాసి, కింద పెద్ద పేరు మొదలుపెట్టి, ‘క్ష్మి’ దగ్గర ఆగి, ఆ ఒత్తు ఎటు తిప్పాలో వీడియోలో చూస్తున్న తల్లిని అడుగుతాడు. అది తన పేరేనని అప్పుడు గమనించిన ఆవిడ, అక్కడి నుంచే వేలితో గాలిలో రాసి చూపిస్తుంది.